సొంత చేత్తో ఆడియో కంప్రెసర్: ముందు పూర్తి చెయ్యండి, తర్వాతే మార్చండి

మీ పాట మీరే రికార్డు చేసుకుని విన్నారు. పల్లవి బాగానే ఉంది. చరణం చివర గొంతు తగ్గించి పాడిన మాట వినపడనే లేదు. పైకెత్తి అందుకున్న చోట సౌండు పగిలింది. వాల్యూమ్ తగ్గిస్తే మెల్లగా పాడింది పోతోంది, పెంచితే గట్టిగా పాడింది పగులుతోంది. ఇప్పుడేం చేయాలి?

తంగళ్ళపల్లిలోనైనా, మానేరు వంతెన దాటితే వచ్చే సిరిసిల్లలోనైనా, కోరుట్ల, జగిత్యాలల్లోనైనా ఇంట్లో ఓ గదిలో మైకు పెట్టుకుని జానపదాలో, భజనలో, బతుకమ్మ పాటలో రికార్డు చేసుకునే ప్రతివాళ్ళకూ ఎదురయ్యే చిక్కే ఇది. మన పాటల తీరే అలాంటిది. ఒగ్గుకథ వినండి. వేములవాడ దగ్గరి హన్మాజీపేట మిద్దె రాములు గారు ప్రసిద్ధి తెచ్చిన కళ అది. కథకుడు ఒక క్షణం చెవిలో చెప్పినట్టు చెబుతాడు, మరుక్షణం డోలు మీద దెబ్బ పడి గొంతు ఆకాశానికి లేస్తుంది. ఎదుట కూర్చుని వినేవాళ్ళకు అదే ప్రాణం. చవక సౌండు కార్డుకు మాత్రం ఆ ఎత్తుపల్లాలు మింగుడు పడవు.

దీనికి మందు కంప్రెసర్. వాల్యూమ్ మీద చెయ్యి వేసి కూర్చున్న మనిషి అనుకోండి. గట్టిగా వచ్చినప్పుడు తగ్గిస్తాడు, మెల్లగా వచ్చినప్పుడు వదిలేస్తాడు. ఆ మనిషి పనిని కొన్ని మామూలు పార్టులతో చేయించవచ్చు. మీరు చేయగలరు. టంకం పెట్టడం వచ్చి, మల్టీమీటరు చూడటం తెలిస్తే చాలు.

ఈ అధ్యాయంలో పని రెండు భాగాలు: కట్టడం, మార్చడం. అసలు చదువు రెండోదాంట్లోనే ఉంది. అయితే మొదటిది పూర్తి కాకుండానే రెండోదానికి ఎగబాకేవాళ్ళు ఎక్కువ. ఇంకా సౌండే రాని బోర్డు మీద "ఈ ఐసీ బదులు మంచి ఐసీ వేస్తే?" అని మొదలుపెడతారు. అది పని చేయకపోతే తప్పు కొత్త ఐసీదో, పాత వైరుదో తెలియదు. బోర్డు సొరుగులోకి పోతుంది. మీ సొరుగులో అలాంటివి ఎన్ని ఉన్నాయి?

కంప్యూటర్లో ఉచితంగా ఉండగా ఎందుకు?

న్యాయమైన ప్రశ్న. ఆడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కంప్రెసర్ ఉంది. ముందు దాంతోనే ఆడుకోండి. థ్రెషోల్డ్, అంటే ఏ ఎత్తు దాటితే తగ్గించాలనే హద్దు, ఎక్కడుంటే గొంతు ఎలా వినిపిస్తుందో చెవికి అలవాటవుతుంది. కానీ సాఫ్ట్‌వేర్ చేతికి వచ్చేసరికే పగిలిన సౌండు పగిలినట్టే ఉంటుంది, దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా అతకలేదు. సౌండు కార్డులోకి వెళ్ళకముందే ఎత్తును తగ్గించాలంటే బయట ఒక డబ్బా ఉండాలి. పైగా కంప్యూటర్ లేని చోట, మైక్ సెట్ ముందు కూడా ఆ డబ్బా పనికొస్తుంది.

ఏ సర్క్యూట్‌తో మొదలుపెట్టాలి?

పేరున్న కంప్రెసర్లు చాలా ఉన్నాయి. బిల్ పుట్నమ్ 1967లో తెచ్చిన 1176 ఎఫ్‌ఈటీ అనే రకం ట్రాన్సిస్టర్‌తో పని చేస్తుంది. గిటారు వాయించేవాళ్ళకు తెలిసిన డాన్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఆరెంజ్ స్క్వీజర్‌లోనూ ఎఫ్‌ఈటీలే. ఎంఎక్స్‌ఆర్ డైనా కాంప్‌లో ఉన్నది సీఏ3080 అనే ఐసీ. ఇవి గొప్పవే, మొదటి ప్రయత్నానికి మాత్రం వద్దు. ఒకే నంబరున్న రెండు ఎఫ్‌ఈటీలు ఒకేలా ఉండవు, వాటిని ఏరి జత కట్టాలి. సీఏ3080 తయారీ ఎప్పుడో ఆగిపోయింది, దొరికేవాటిలో నకిలీలు ఎక్కువ.

మీరు కాంతితో పని చేసేదాన్ని కట్టండి. ఒక ఎల్‌ఈడీ, దాని ఎదురుగా ఒక ఎల్‌డీఆర్. సౌండు పెరిగితే ఎల్‌ఈడీ వెలుగుతుంది. వెలుగు పడితే ఎల్‌డీఆర్ రెసిస్టెన్స్ పడిపోతుంది. అది సిగ్నల్లో కొంత భాగాన్ని గ్రౌండ్‌లోకి లాగేస్తుంది. అంతే. 1960లలో అమెరికాలో జిమ్ లారెన్స్ తయారు చేసిన టెలిట్రానిక్స్ ఎల్‌ఏ-2ఏ మూలసూత్రం ఇదే; అందులో ఎల్‌ఈడీ బదులు వెలిగే పలక ఉంటుంది. గొంతుల రికార్డింగ్‌లో దానికి ఇప్పటికీ ఎంతో గౌరవం. కాబట్టి సులువుదని చిన్నచూపు చూడకండి.

ఎల్‌డీఆర్ కోసం దూరం పోనక్కర్లేదు. చీకటి పడగానే వెలిగే ఆటోమేటిక్ లైటు సర్క్యూట్లలో అదే ఉంటుంది, టీవీ రిపేరు దుకాణంలో అడిగితే ఇస్తారు. మిగతావి ఒకేసారి కావాలంటే హైదరాబాద్ కోఠీలో గుజరాతీ గల్లీ ఉండనే ఉంది. కొనాల్సినవి: టీఎల్072 ఐసీ, 8 కాళ్ళ ఐసీ బేస్, ఎల్‌డీఆర్, ఎర్ర ఎల్‌ఈడీలు రెండు, 1ఎన్4148 డయోడ్, 1 ఎంఎఫ్‌డీ ఫిల్మ్ కండెన్సర్లు మూడు, 4.7 ఎంఎఫ్‌డీ ఎలక్ట్రోలిటిక్ ఒకటి, 0.1 ఎంఎఫ్‌డీవి రెండు. రెసిస్టర్లలో 470 ఓంలు, 1కె, 4.7కె, 10కె, 22కె, 33కె, 100కె, 1 మెగ్ ఒక్కొక్కటి. వాల్యూమ్ పాట్‌లు 100కె ఒకటి, 10కె ఒకటి. 9 వోల్టుల బ్యాటరీలు రెండు, వాటి క్లిప్పులు, రెండు బ్యాటరీల వైర్లనూ ఒకేసారి కోసే స్విచ్, జాక్‌లు, జీరో బోర్డు, నల్ల హీట్ ష్రింక్ స్లీవ్. ఎల్‌డీఆర్‌లు మాత్రం నాలుగైదు తెచ్చుకోండి. ఒకే పొట్లంలోవి కూడా ఒకేలా ఉండవు.

కట్టే వరుస

1. కాగితం మీద గీయండి. సిగ్నల్ దారి ఇది: ఇన్‌పుట్ జాక్ నుంచి 1 ఎంఎఫ్‌డీ, ఆ తర్వాత 22కె, అక్కడి నుంచి ఐసీ 3వ కాలు. ఆ 3వ కాలు దగ్గరే ఎల్‌డీఆర్ ఒక కాలు, 1 మెగ్ ఒక కాలు కలుస్తాయి, వాటి రెండో కాళ్ళు గ్రౌండ్‌కు. 1వ కాలు నుంచి 2వ కాలుకు 33కె, 2వ కాలు నుంచి గ్రౌండ్‌కు 10కె. దీంతో సిగ్నల్ 4.3 రెట్లు, అంటే దాదాపు 13 డెసిబెల్స్ పెరుగుతుంది. 1వ కాలు నుంచి 1 ఎంఎఫ్‌డీ ద్వారా 10కె పాట్‌ పై కాలుకు, పాట్ కింది కాలు గ్రౌండ్‌కు, నడిమి కాలు అవుట్‌పుట్ జాక్‌కు.

కాపలా కాసే దారి వేరు. 1వ కాలు నుంచే మరో 1 ఎంఎఫ్‌డీ తీసి 100కె పాట్‌ పై కాలుకు ఇవ్వండి. కింది కాలు గ్రౌండ్‌కు, నడిమి కాలు ఐసీ 5వ కాలుకు. ఇదే మీ థ్రెషోల్డ్. 7వ కాలు నుంచి 6వ కాలుకు 100కె, 6 నుంచి గ్రౌండ్‌కు 4.7కె. 7వ కాలు నుంచి 470 ఓంలు, డయోడ్, డయోడ్ గీత ఉన్న వైపు నుంచి 4.7 ఎంఎఫ్‌డీ ప్లస్ కాలు, మైనస్ గ్రౌండ్‌కు. అదే చోటు నుంచి 1కె, వరుసగా రెండు ఎల్‌ఈడీలు, గ్రౌండ్. ఒక ఎల్‌ఈడీ ఎల్‌డీఆర్‌కు ఎదురుగా, రెండోది డబ్బా ముందు భాగంలో మీ కంటికి ఎదురుగా. కంప్రెసర్ ఎప్పుడు పని చేస్తోందో అదే మీకు చూపిస్తుంది.

2. ముందు ఎల్‌ఈడీ, ఎల్‌డీఆర్ జత కట్టండి. తక్కినదంతా తర్వాత. రెండింటినీ ముఖాముఖి ఆనించి స్లీవ్‌లో దూర్చండి. స్లీవ్ ముడుచుకునే వేడి చాలు, ఎల్‌డీఆర్‌ను కాల్చకండి. రెండు చివరలా వెలుగు దూరకుండా ఇంకో ముక్క స్లీవ్‌తో మూయండి. ఇప్పుడు మీటరు ఓమ్స్‌లో పెట్టి ఎల్‌డీఆర్ కొలవండి. చీకట్లో అది లక్షల ఓంలలో ఉండాలి, మెగ్ దగ్గరికి పోతే ఇంకా మంచిది. ఎల్‌ఈడీకి 9 వోల్టుల బ్యాటరీని 1కె ద్వారా ఇస్తే వేలల్లోకో వందల్లోకో పడిపోవాలి. బ్యాటరీ తీసేయగానే మీటరు వెంటనే పైకి పోదు, నెమ్మదిగా ఎక్కుతుంది. ఆ నెమ్మదే ఈ సర్క్యూట్ అందం.

3. మిగతా పార్టులూ ఐసీ బేసూ గీసుకున్నట్టే బోర్డు మీద టంకం పెట్టి, ఐసీ పెట్టకుండా కరెంటు చూడండి. ఒక బ్యాటరీ మైనస్‌నూ ఇంకోదాని ప్లస్‌నూ కలిపితే అదే గ్రౌండ్. మిగిలిన ప్లస్ 8వ కాలుకు, మిగిలిన మైనస్ 4వ కాలుకు. ఈ రెండు కాళ్ళ నుంచి గ్రౌండ్‌కు చెరో 0.1 ఎంఎఫ్‌డీ. బేస్‌లో 8 దగ్గర ప్లస్ 9, 4 దగ్గర మైనస్ 9 కనపడాలి. తారుమారైతే ఐసీ పెట్టిన క్షణమే పోతుంది. సరిగ్గా ఉంటేనే ఐసీ పెట్టి, 1, 7 కాళ్ళను గ్రౌండ్‌తో పోల్చి చూడండి. రెండూ సున్నా దగ్గరే, వోల్టులో పదో వంతు లోపలే ఉండాలి.

4. సిగ్నల్ దారిని ఒక్కదాన్నే వినండి. థ్రెషోల్డ్ పాట్‌ను గ్రౌండ్ వైపు పూర్తిగా తిప్పేసి, ఫోన్ నుంచి పాట పంపండి. సౌండు శుభ్రంగా రావాలి. ఇక్కడ హమ్ ఉంటే ఇక్కడే ఆగండి. తర్వాతి మెట్టు ఎక్కితే హమ్ పోదు, ఇంకా పెరుగుతుంది.

5. ఇప్పుడు థ్రెషోల్డ్ తెరవండి. గట్టి మాట వచ్చినప్పుడు కంటికి ఎదురుగా ఉన్న ఎల్‌ఈడీ మెరవాలి, మెల్లని మాటకు ఆరి ఉండాలి. పాట్ పూర్తిగా తెరిస్తే 1వ కాలు దగ్గర 0.2 వోల్టుల శిఖరం నుంచే అది పని మొదలెడుతుంది.

6. లోహపు డబ్బాలో బిగించి, డబ్బాను గ్రౌండ్‌కు కలపండి. చుట్టూ మోటార్లు తిరిగే ఊళ్ళో ప్లాస్టిక్ డబ్బా నమ్మదగింది కాదు.

ఒక జాగ్రత్త. ఇది లైన్ లెవెల్ డబ్బా. మైకును నేరుగా దీనికి తగిలించకండి. మైకు, చిన్న మిక్సర్, కంప్రెసర్, సౌండు కార్డు, ఇదీ వరుస. ఫాంటమ్ పవర్ వచ్చే వైరునూ, ఆంప్లిఫయర్ నుంచి స్పీకరుకు పోయే వైరునూ దీని దగ్గరికి రానివ్వకండి. బ్యాటరీతో మొదలుపెట్టమన్నది కూడా అందుకే: ఇంటి కరెంటు బల్ల మీదికి రాదు, చవక అడాప్టర్ హమ్ బాధా ఉండదు.

ఎక్కువమంది ఎక్కడ పడతారు?

అన్నిటికంటే పెద్ద తప్పు వెలుగు. స్లీవ్‌లో సన్నని సందు చాలు. గదిలో ట్యూబులైటు వెలుగుతుంటే అది సెకనుకు వంద సార్లు మినుకుతుంది, ఎల్‌డీఆర్ దాన్ని పట్టుకుంటుంది, మీ గొంతు వెనక సన్నటి హమ్ మొదలవుతుంది. మనిషి వైర్లన్నీ విప్పి గ్రౌండ్ వెతుకుతాడు. లైటు ఆర్పి చూడండి. హమ్ పోతే తప్పు వైరులో లేదు, స్లీవ్‌లో ఉంది.

రెండోది, ఎక్కువ సౌండును మంచి సౌండు అనుకోవడం. ఇది చెవి చేసే మోసం, అందరికీ జరుగుతుంది. కంప్రెసర్ ఆన్ చేశారు, గొంతు నిండుగా వినిపించింది, సంబరపడ్డారు. నిజంగా నిండుగా వచ్చిందా, లేక నాలుగు డెసిబెల్స్ పెరిగిందా? రెండూ ఒకే ఎత్తులో పెట్టి వింటే తప్ప తేల్చలేరు. పార్టు మార్చిన ప్రతిసారీ ముందు అవుట్‌పుట్ పాట్‌తో ఎత్తు సరిచూసి, ఆ తర్వాతే చెవి తీర్పు అడగండి.

మూడోది, ఒకేసారి రెండు పార్టులు మార్చడం. దీని మీద ఇంకేం చెప్పను, మార్చకండి.

బ్యాటరీ సంగతి కూడా చూసుకోండి. 9 వోల్టులు 7కు పడితే గట్టి మాటలు మళ్ళీ పగలడం మొదలవుతుంది. నిన్న బాగున్న సర్క్యూట్ ఇవాళ ఎందుకు మొరాయించిందని బుర్ర బద్దలు కొట్టుకునే ముందు మీటరు తీయండి.

మార్చే ముందు కొలవండి

మార్పు మంచిదో కాదో తెలియాలంటే మొదటి స్థితి రాసి ఉండాలి. ఇందుకు ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. అలాగని చవక మీటరు కూడా ఈ పనికి పనికిరాదు. డీటీ830డీ రకంలో ఏసీకి 200, 750 వోల్టుల రేంజిలే ఉంటాయి, మన సిగ్నల్ అందులో కనపడదు. ఆడాసిటీయే మీ మీటరు.

200 హెర్ట్జ్ టోన్ ఒకటి తయారు చేయండి. మైనస్ 24, మైనస్ 18, మైనస్ 12, మైనస్ 6 డెసిబెల్స్, ఇలా నాలుగు ముక్కలు, ఒక్కొక్కటి అయిదారు సెకన్లు. వాటిని హెడ్‌ఫోన్ జాక్ నుంచి కంప్రెసర్‌లోకి పంపి, బయటికి వచ్చినదాన్ని తిరిగి రికార్డు చేయండి. థ్రెషోల్డ్ కింద ఉన్న ముక్కల మధ్య తేడా 6 డెసిబెల్సే ఉంటుంది. థ్రెషోల్డ్ దాటాక లోపలికి 6 పెరిగితే బయట 2 మాత్రమే పెరిగిందనుకోండి, మీ రేషియో మూడుకు ఒకటి. ఆ నాలుగు అంకెలూ నోటుబుక్కులో తేదీ వేసి రాయండి. పక్కనే ఏ పార్టు ఏ విలువలో ఉందో రాయండి. ఈ ఒక్క పేజీ లేకుండా చేసే మార్పులన్నీ గాలిలో రాతలే.

ఇప్పుడు మార్పులు

మన ప్రాంతంలో ఎక్కువగా వినపడే ఫిర్యాదుతో మొదలుపెడదాం. సిరిసిల్ల, తంగళ్ళపల్లి, బద్దెనపల్లి టెక్స్‌టైల్ పార్కు, ఎటు చూసినా సాంచాలే, అంటే మరమగ్గాలు. బతుకమ్మ చీరలు నేసిన నేల ఇది. ఇంట్లో పాడుతుంటే గోడ అవతల సాంచా కొడుతూనే ఉంటుంది. కంప్రెసర్ తగిలించాక ఇలాంటి మాట వినిపిస్తుంది:

"అన్నా, గొంతు మంచిగ వచ్చింది గని, పాట ఆగినప్పుడల్ల సాంచాల సప్పుడు ముందటికొస్తున్నది. సర్క్యూట్ ఖరాబైందా?"

"ఖరాబు కాలే తమ్మీ. గట్టిగ పాడినప్పుడు ఎంత తగ్గించిందో, నువ్వు ఆపంగనే గంత మళ్ల లేపుతది. గా లేపుడుల సాంచా సుత లేస్తది."

జవాబు సరైనదే. గొంతును 20 డెసిబెల్స్ అణిచారనుకోండి. మాటకూ మాటకూ నడుమ ఖాళీలో వెనకాల సప్పుడు ఆ 20 డెసిబెల్సూ పైకి వస్తుంది. పది పెరిగితేనే చెవికి దాదాపు రెట్టింపు అనిపిస్తుంది, ఇరవై అంటే ఆలోచించండి. సాదా సాంచా నాడె నిమిషానికి వందకు పైగా సార్లు కొడుతుంది, దెబ్బకూ దెబ్బకూ నడుమ దాదాపు అర సెకను. మీ పాటలో ఊపిరి తీసుకునే ప్రతి సందులో ఒక దెబ్బ దూరుతుంది. మొదటి ఉపాయం సర్క్యూట్‌లో లేదు: పక్కింటి సాంచాలు ఏ వేళ ఆగుతాయో మీకు తెలుసు, ఆ వేళ పాడండి, మైకును నోటికి దగ్గరగా పెట్టండి. రెండో ఉపాయం మాత్రం మీ చేతిలో ఉంది.

1. తగ్గింపుకు హద్దు పెట్టండి. ఎల్‌డీఆర్‌కూ గ్రౌండ్‌కూ మధ్య వరుసగా ఒక రెసిస్టర్ వేయండి. ఎంత వెలుగు పడినా ఎల్‌డీఆర్ సున్నా అవ్వవచ్చు గానీ ఆ రెసిస్టర్ అలాగే ఉంటుంది. లెక్క సులువు. 22కె పక్కన 4.7కె వేస్తే గరిష్ఠంగా 15 డెసిబెల్స్ తగ్గుతుంది. 10కె వేస్తే 10. 22కె వేస్తే 6. సాంచా సప్పుడున్న గదిలో 10కెతో మొదలుపెట్టండి. గొంతు పూర్తిగా చదునుగా రాదు, కాస్త ఎత్తుపల్లం మిగులుతుంది. అది మంచిదే. మైక్ సెట్ ముందు వాడేవాళ్ళు 22కె దాటి కిందికి పోవద్దు. అక్కడ మెల్లని శబ్దం ఎంత పైకి లేస్తే స్పీకరు కూత అంత దగ్గరవుతుంది. ఈ అధ్యాయంలో ఒక్క మార్పే చేస్తానంటే ఇదే చేయండి.

2. వదిలే వేగం మార్చండి. 4.7 ఎంఎఫ్‌డీ తీసి 47 పెట్టండి. మాటకూ మాటకూ మధ్య సౌండు పైకి లేచే వేగం తగ్గుతుంది, సాంచా తొంగిచూడటం తగ్గుతుంది. అదే సమయంలో పట్టుకునే వేగం కూడా తగ్గుతుంది. 470 ఓంలు, 47 ఎంఎఫ్‌డీ కలిస్తే ఇరవై మిల్లీసెకన్లు దాటుతుంది. మాట మొదట్లో హల్లు కొంచెం గుచ్చినట్టు వస్తే 470ని 100కు తగ్గించండి. ఎల్‌డీఆర్ సొంత ఆలస్యం దీనికి అదనం, దాన్ని మీరు మార్చలేరు, వేరే ఎల్‌డీఆర్ పెట్టి చూడగలరు. తెచ్చుకున్న నాలుగైదూ అక్కరకొచ్చేది ఇక్కడే.

బతుకమ్మ పాట రికార్డు చేసేటప్పుడు దీనికి ఎదురు దిశలో ఆలోచించాలి. వలయంలో చప్పట్లు పడుతుంటాయి. చప్పట్లు చాలా పొట్టివి. సర్క్యూట్ వాటిని వెంటనే పట్టుకుంటే చప్పట్లు పడ్డప్పుడల్లా పాట చెప్పే ఆమె గొంతు గుటుక్కున మునుగుతుంది. 470 బదులు 2.2కె, కండెన్సర్ 10 ఎంఎఫ్‌డీ పెట్టండి. చప్పట్లు తప్పించుకుపోతాయి, గొంతు నిలుస్తుంది. చప్పట్లు సౌండు కార్డును పగలగొట్టకుండా మాత్రం అవుట్‌పుట్ రెండు మూడు డెసిబెల్స్ తగ్గించి రికార్డు చేయండి.

3. డోలు మాట వినకుండా చేయండి. డోలు, డప్పుతో కలిపి పాడితే ప్రతి లోతైన దెబ్బకూ గొంతు వెనక్కి పోతుంది. థ్రెషోల్డ్ పాట్‌కు పోయే 1 ఎంఎఫ్‌డీ తీసి 0.01 పెట్టండి, 103 అని రాసి ఉంటుంది. ఇప్పుడు కాపలా దారి దాదాపు 160 హెర్ట్జ్ కింద ఉన్నవాటిని పట్టించుకోదు. డోలు సౌండు పోదు, అది సిగ్నల్ దారిలో అలాగే వస్తుంది. కంప్రెసర్ దాని మాట వినడం మానేస్తుంది, అంతే. ఒగ్గుకథకు ఈ మార్పు తప్పనిసరి అంటాను.

4. ఎల్‌ఈడీ రంగు మార్చి చూడండి. మామూలు ఎల్‌డీఆర్‌కు ఎరుపు కంటే పచ్చ వెలుగు ఎక్కువ పడుతుంది. ఎల్‌డీఆర్ ఎదుటి ఎల్‌ఈడీ ఒక్కటే పచ్చది చేయండి. థ్రెషోల్డ్ కాస్త జరుగుతుంది, పట్టు పెరగవచ్చు. టోన్ పరీక్ష మళ్ళీ చేసి అంకెలు పోల్చుకోండి. తెల్ల ఎల్‌ఈడీకి వోల్టేజీ ఎక్కువ కావాలి, కాబట్టి అది ఆలస్యంగా మేలుకుంటుంది.

ఇక అందరూ మొదట చేయాలనుకునే మార్పు: టీఎల్072 తీసి ఎన్‌ఈ5532 పెట్టడం. ఆడియోకు మంచి ఐసీ అని పేరుంది, నిజంగా మంచిదే. కాళ్ళూ సరిగ్గా సరిపోతాయి. కానీ ఈ సర్క్యూట్‌లో పెట్టకండి. ఎన్‌ఈ5532 ఇన్‌పుట్ కాలు కొంచెం కరెంటు లాగుతుంది, టీఎల్072 దాదాపు లాగదు. 3వ కాలు దగ్గర మన 1 మెగ్, చీకట్లో ఉన్న ఎల్‌డీఆర్ ఉన్నాయి. ఆ చిన్న కరెంటుకే అక్కడ ఒక డీసీ వోల్టేజీ పుడుతుంది, అది 4.3 రెట్లయి 1వ కాలు దగ్గర కూర్చుంటుంది. గట్టి మాట రాగానే ఎల్‌డీఆర్ పడిపోయి ఆ డీసీ కూడా ఒక్కసారిగా కదులుతుంది. మీకు వినిపించేది ప్రతి మాట ముందు "ధబ్" అనే శబ్దం. బ్యాటరీ కూడా రెండు మూడు రెట్లు తొందరగా అయిపోతుంది. నమ్మకపోతే పెట్టి, 1వ కాలు దగ్గర మీటరు ఆనించి చూడండి. మంచి పార్టు అంటే ఖరీదైన పార్టు కాదు, ఆ చోటుకు సరిపోయే పార్టు.

రెండు ఛానళ్ళకు స్టీరియో చేయాలన్న కోరిక వస్తుంది. రెండు ఎల్‌డీఆర్‌లు ఒకేలా స్పందించకపోతే పాట ఒకసారి ఎడమకూ ఒకసారి కుడికీ ఊగుతుంది. పొట్లం నిండా ఎల్‌డీఆర్‌లు కొలిచి జత కుదిర్చే ఓపిక వచ్చాక చేయండి. ఒక గొంతు, ఒక మైకుకు మోనో చాలు.

ఎక్కడ ఆపాలి?

మార్పులకు అంతుండదు. అందుకని ముందే ఒక పాట ఎంచుకోండి. మీరు బాగా పాడగలిగిందీ, మెల్లని చోటు, గట్టి చోటు రెండూ ఉన్నదీ. ప్రతి మార్పు తర్వాత అదే పాట, అదే దూరంలో, అదే గదిలో పాడి రికార్డు చేయండి. పాత రికార్డు, కొత్త రికార్డు ఒకే ఎత్తులో పెట్టి ఇంట్లో ఇంకొకరికి వినిపించండి. ఏది ఏదో చెప్పకండి. వాళ్ళు తేడా చెప్పలేకపోతే ఆ మార్పు అక్కర్లేదు, పాత పార్టు తిరిగి పెట్టేయండి. చరణం చివరి మెల్లని మాట స్పష్టంగా వినపడి, ఎత్తుకున్న చోట పగలకుండా ఉంటే సోల్డరింగ్ ఐరన్ పక్కన పెట్టి పాటలు రికార్డు చేయండి. డబ్బా కట్టింది అందుకే.

ఈ ఆదివారం మొత్తం సర్క్యూట్ జోలికి పోకండి. ఎల్‌ఈడీ, ఎల్‌డీఆర్, ఒక ముక్క నల్ల స్లీవ్ తీసుకుని రెండో మెట్టు ఒక్కటే పూర్తి చేయండి. చీకట్లో ఎంత చూపింది, వెలుగులో ఎంత చూపింది, రెండు అంకెలూ నోటుబుక్కు మొదటి పేజీలో రాయండి. మిగతా బోర్డు వచ్చే వారం.